వాయించేవాళ్ళు మధ్యలో ఉండాలి

ఒడిశా కోరాపుట్ కొండల్లోని మా సెమిలిగుడలో టెంట్ హౌస్ వాళ్ళు వేసే స్టేజి ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. పన్నెండు మంది ఆడపిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని గొలుసు కడితే ఆ చెక్కల మీద తిరగడానికి చోటు చాలదు. మూడేళ్ళ కిందట మా స్కూలు వార్షికోత్సవానికి థింసా, అంటే కొండవాళ్ళ గొలుసు ఆట, చేయించే పని నా మీద పడింది. నేను చేసిన మొట్టమొదటి పని ఆ గొలుసుని విప్పి వరసల్లో నిలబెట్టడం. ముందు ఆరుగురు, వెనక ఆరుగురు. అందరి మొహాలూ ముఖ్య అతిథి కూర్చునే సోఫా వైపు. నాలుగడుగులు ముందుకి, నాలుగు వెనక్కి, పక్కకి వంగి లేవడం. పాట పెన్‌డ్రైవులో ఉంది. చీరలు విశాఖపట్నంలో అద్దెకి దొరికాయి, అన్నీ ఒకే ఆకుపచ్చ.

రిహార్సల్ నాడు ఒక పిల్ల నానమ్మ వచ్చింది. దేవమాలి కొండ కింద ఊరు, పరజా తెగవాళ్ళు. గోడ వారన గొంతుకూర్చుని చివరిదాకా చూసింది. అయిపోయాక నన్ను పిలిచి, "వాయించేవాళ్ళేరి మాస్టరూ?" అంది. పాట పెట్టెలోంచి వస్తోందమ్మా అని స్పీకరు చూపించాను. ఆవిడ లేచి దాని దగ్గరికెళ్ళి, ముందూ వెనకా చూసి, "మరి ఇది పిల్లల కాళ్ళు ఎలా చూస్తుంది?" అనడిగింది.

ఎకసెక్కానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. వాళ్ళ ఊళ్ళో వాయించేవాళ్ళు మధ్యలో ఉంటారు. సన్నాయి లాంటి మొహురి ఊదే అతను (అరకు వైపు దాన్నే మోరి అంటారు), డోలు వేసే అతను, టమకు కొట్టే అతను. గొలుసు వాళ్ళ చుట్టూ తిరుగుతుంది. ముందుండే పిల్ల చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది. ఆమె ఎటు వంగితే గొలుసంతా అటు వంగుతుంది. డోలు వేసే మనిషి చూపు మాత్రం ఎప్పుడూ కాళ్ళ మీదే. తోకలో ఉన్న చిన్నపిల్ల వెనకబడితే దెబ్బ తగ్గిస్తాడు. కాళ్ళు వేడెక్కాయని తెలియగానే పెంచుతాడు. ఒక్కోసారి కాళ్ళే ముందు పరిగెత్తి డోలుని లాక్కుపోతాయి. ఇదంతా నాకు తెలియనిది కాదు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి వలయాల అంచున నిలబడి చూస్తున్నవాణ్ణే. తెలిసుండీ గొలుసు తెంపాను. వార్షికోత్సవం నాడు చప్పట్లు బాగా పడ్డాయి, ఫోటోలు కూడా బాగా వచ్చాయి. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి ఒక మాట నాలో గట్టిపడుతూ వచ్చింది. మనిషి ఆట కనిపెట్టింది ఒకళ్ళకి చూపించడానికి కాదు, నలుగురూ కలిసి ఆడడానికి. చూడ్డం తరవాత వచ్చింది. వచ్చినందుకు నాకేం బాధ లేదు. చూడ్డమే అసలు సంగతి అనుకుని, ఆడడాన్ని దాని కొలతలకి కోసి కుడుతున్నామే, అదీ నా బాధ.

తెలుగువాళ్ళకి ఈ విషయంలో రెండు మనసులు. మాటల్లోనే తెలిసిపోతుంది. పిల్లలు వీధిలో ఆడేది ఆట. అమ్మవారి గుడి ముందు అడుగేసేదీ ఆటే. సినిమా హాల్లో మొదటి ఆట, రెండో ఆట. మామ్మ కాలంలో తెల్లవార్లూ నడిచే వీధినాటకాన్నీ ఆటే అనేవారు. ఇన్నిటికీ ఒక్క మాట సరిపోయిందంటే, ఈ భాష మాట్లాడినవాళ్ళకి ఒకప్పుడు ఇవన్నీ వేరు వేరు పనులుగా తోచలేదన్నమాట. అదే నోటితో కోపం వచ్చినవాడు చిందులు తొక్కుతున్నాడంటాం. పేదరికం తాండవిస్తోందంటాం. పెళ్ళాం మాట వినేవాణ్ణి ఆడించినట్టల్లా ఆడతాడంటాం. తైతక్కలంటే ఇక చెప్పక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతలోనూ నవ్వులపాలయ్యేది ఆడే మనిషే. మద్దెల నిజంగానే ఓడైతే ఆ మనిషి ఏం చెయ్యాలో ఎవరూ అడగరు. నా పెన్‌డ్రైవు పాట గుర్తొచ్చినప్పుడల్లా ఆ సామెత తిరగేసి చదువుకుంటాను.

నేను పుట్టింది గుణుపురంలో, వంశధార ఒడ్డున. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో వేసిన చిన్న రైలు 1931లో మా ఊరికి వచ్చింది. ఆ రైలెక్కే మా తాతయ్య టెక్కలి వైపు నుంచి వచ్చి బజార్లో కొట్టు పెట్టాడు. మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంత రోజున కొట్టు ముందు సవర. ఒడియావాళ్ళు మమ్మల్ని తెలంగాలనేవారు. సెలవులకి టెక్కలి వెళ్తే అక్కడి చుట్టాలు ఒడ్డేవాళ్ళొచ్చారనేవారు.

మామ్మ పోయినప్పుడు నాకు పదహారేళ్ళు. ఎనభై దాటి, మునిమనవల్ని ఎత్తుకుని మరీ పోయింది. అలాంటి చావుని మావాళ్ళు పెళ్ళి ఊరేగింపులా సాగనంపుతారు. పాడె ముందు డప్పులు, దారి పొడుగునా పేలాలూ చిల్లరా చల్లడం. బజారు మలుపు తిరిగేసరికి మా చిన్నాన్న తువ్వాలు నడుముకి బిగించి డప్పుల ముందుకి దిగాడు. కొట్లో త్రాసు దగ్గర కూర్చునే మనిషి. గట్టిగా నవ్వగా కూడా మేమెరగం. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ పైకెత్తి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా ఆడాడు. డప్పు కొట్టే ముసలాయన వెనక్కి వెనక్కి నడుస్తూ, చిన్నాన్న కాళ్ళే చూస్తూ కొట్టాడు. కాసేపటికి ఇద్దరు బాబాయిలు వచ్చి కలిశారు. నాన్న నిప్పుకుండ పట్టుకున్నాడు గనక దిగలేదు. కానీ నాన్న అడుగు కూడా డప్పు మీదే పడుతోంది. అది నేను చూశాను.

నా క్లాసు కుర్రాళ్ళు సైకిల్ షాపు ముందు నిలబడి ఉన్నారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది నాకు. పక్క సందులోకి తప్పుకుని, వల్లకాటికి అందరికంటే వెనకాల వెళ్ళాను. ఆ రాత్రి చిన్నాన్న పిలిచినా పలకలేదు.

చాలా ఏళ్ళకి, ఉద్యోగం వచ్చాక, గుణుపురం పై కొండల్లో ఒక సవర గూడెంలో గువార్ చూశాను. చనిపోయినవాళ్ళ పేర రాయి నిలబెట్టి, దున్నపోతుని కోసి చేసే క్రతువు అది. పోయిన మనిషి పెద్దల్లో కలవాలంటే అది జరగాలి. కొమ్ములు, సన్నాయిలు, డోళ్ళు ఒక్కసారిగా మోగాయి. మగవాళ్ళు గొడుగులూ నెమలి పించాలూ పట్టుకుని, ఆడవాళ్ళు వాళ్ళ పక్కన గుంపుగా, కాళ్ళ కింద దుమ్ము నడుం దాకా లేచేలా ఆడారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఆడుతున్నారు. కొట్లో పసుపుకీ చింతపండుకీ బేరమాడేంత సవర మా ఇంట్లో అందరికీ వచ్చు, అంతకుమించి ఎవరూ నేర్చుకోలేదు. సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ భాషని మొత్తం నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. వాళ్ళ సరుకు కొన్నాం గానీ వాళ్ళెందుకు ఆడతారో మా కొట్లో ఒక్కరూ అడిగి ఉండరు.

ఆ గూడెం పెద్దాయన నా పక్కన కూర్చుని, మీరు మీవాళ్ళని ఎలా పంపిస్తారని అడిగాడు. మామ్మ సంగతి, చిన్నాన్న సంగతి చెప్పాను. "బాగా ఆడాడా?" అన్నాడు. బాగా ఆడాడు అన్నాను. ఆ మాట నా నోటమ్మట రావడానికి అన్నేళ్ళు పట్టింది. అప్పటికి చిన్నాన్న లేడు.

2015లో బ్రెజిల్‌లో స్కూలు పిల్లల మీద చేసిన ఒక పరీక్ష గురించి చదివాను. పిల్లల చేత చిన్న గుంపులుగా డాన్సు చేయించి, ముందూ తరవాతా బీపీ చూసే పట్టీ చేతికి బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిచారు. అందరూ ఒకే అడుగు ఒకేసారి వేసినవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు. ఒళ్ళు అలిసేలా ఆడినవాళ్ళూ అంతే. తమ గుంపులోవాళ్ళు తమకి మరింత దగ్గరైనట్టు కూడా చెప్పారు. కలిసి కదిలినప్పుడు ఒంట్లో నొప్పిని మందగించే పదార్థాలు ఊరతాయని ఆ శాస్త్రవేత్తల ఊహ. చదువుతుంటే నా కళ్ళ ముందు కదిలింది బజారు మలుపులో చిన్నాన్న, ఆయనకి అటూ ఇటూ వచ్చి నిలబడ్డ బాబాయిలు. తల్లి పోయిన నొప్పి ఒక్కడు మొయ్యలేనిది. దాన్ని వాళ్ళు ముగ్గురూ కాళ్ళలోకి దింపుకున్నారు.

ఈ గొలుసు ఎంత పాతదంటే మనకి రాత రాకముందుది. మధ్యప్రదేశ్‌లో భీంబేట్కా రాతి గుహల బొమ్మల్లో చేతులు కలుపుకుని వరసగా ఆడుతున్న మనుషులున్నారు, డోలు వేసే మనిషితో సహా. సెమిలిగుడ సంతలో ఆ ఫోటో చూపిస్తే ఏ పరజా పిల్లయినా అదేం ఆటో చెప్పేస్తుంది. మొహెంజొదారోలో 1926లో దొరికిన 10.5 సెంటీమీటర్ల కంచుబొమ్మ సంగతి వేరు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ధీమాగా నిలబడి ఉంది ఆ పిల్ల. ఆడుతోందని చెప్పడానికి అందులో ఏముందో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. అయినా నర్తకి అన్న పేరు పడిపోయింది. ఒంటి మీద గుడ్డ లేకుండా, చేతినిండా గాజులతో, తల ఎగరేసి నిలబడ్డ ఆడపిల్ల ఇంకేమవుతుందనుకున్నారో పేరు పెట్టినవాళ్ళు. ఒక్కత్తే ఉంటుంది, చూసేవాళ్ళుంటారు, ఆట అంటే అదీ అన్న ఊహ ఆ పేరులో ఉంది.

అలాగని చూడ్డం నిన్నమొన్నటిదని నేననను. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి మీద హాథీగుంఫా శాసనం ఉంది, పదిహేడు పంక్తులు. కళింగ రాజు ఖారవేలుడు తన ఏలుబడి మూడో ఏట, గాంధర్వ విద్య తెలిసినవాడై, ఆటలతో పాటలతో వాద్యాలతో రాజధానిని సంతోషపెట్టానని చెక్కించుకున్నాడు. రెండువేల ఏళ్ళు దాటిన మాట. అదే కొండ మీద రాణీగుంఫాలో రాతి మీద ఒక మండపం, అందులో ఆడుతున్న స్త్రీ, పక్కన వాయించేవాళ్ళు. వాయించేవాళ్ళు అప్పటికే పక్కకి వెళ్ళిపోయారు. స్కూలు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళినప్పుడు ఆ శిల్పం ముందు చాలాసేపు నిలబడిపోయాను. అందంగా ఉంది, ఆ విషయంలో వాదన లేదు. నా స్టేజికి పునాది అక్కడే ఉందని మాత్రం అర్థమైంది.

శాస్త్రం రాసినవాళ్ళకి ఈ సంగతి తెలియదని అనుకోకూడదు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో మునులు భరతుణ్ణి సూటిగా అడుగుతారు: అభినయానికైతే అర్థం ఉంది, పాట అర్థంతో సంబంధం లేని ఈ నృత్తం దేనికయ్యా అని. భరతుడు తడుముకోకుండా చెబుతాడు. నృత్తం ఏ అర్థం కోసమూ ఎదురు చూడదు, శోభని పుట్టిస్తుంది, అందుకే అది ఉంది. ఇంకా చెబుతాడు: లోకంలో అందరికీ అది స్వభావంగానే ఇష్టం, పెళ్ళిళ్ళలో, బిడ్డ పుట్టినప్పుడు, వేడుకల్లో, మేలు జరిగినప్పుడు అది మంగళం. నూటెనిమిది కరణాలు (చేతులూ కాళ్ళూ కలిపి కదిపే తీరులు) లెక్కపెట్టిన అధ్యాయంలోనే ఈ మాట ఉండడం నన్ను కదిలిస్తుంది. అన్ని కొలతలూ తెలిసిన మనిషి, చివరికి జనం ఎందుకాడతారంటే ఇష్టం కాబట్టి, మంచి జరిగింది కాబట్టి అన్నాడు. చావుని ఆయన చెప్పలేదు. మా కొండల్లో ఉండి ఉంటే చెప్పేవాడు.

మన జాయపసేనాని సంగతి ఇంకా ముచ్చట. కాకతి గణపతిదేవుడి గజసేనకి అధిపతి. 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. సరిగ్గా ఆ కాలంలోనే ఇటు ఒడిశాలో నరసింహదేవుడు కోణార్క లేపుతున్నాడు, నాటమందిరం గోడలనిండా ఆడేవాళ్ళు వాయించేవాళ్ళూ చెక్కుతున్నారు. జాయప పుస్తకంలో ఎనిమిది అధ్యాయాలు. నాలుగు మార్గానికి, అంటే శాస్త్రం చెప్పిన పద్ధతికి, నాలుగు దేశికి, అంటే జనంలో ఉన్నవాటికి. యుద్ధాల మధ్య బతికిన సేనాపతి సగం పుస్తకం జనం ఆటలకిచ్చాడు. అందులో గొండలి అనే ఆట పుట్టుక చెబుతాడు. కల్యాణ నగరంలో భూతమాతృ ఉత్సవం జరుగుతుంటే భిల్ల స్త్రీ వేషంలో ఆడుతున్న ఒకామెని చాళుక్య రాజు సోమేశ్వరుడు చూశాడట. నచ్చి, దానికొక పద్ధతి ఏర్పరిచాడట. మహారాష్ట్రంలో భిల్ల స్త్రీని గొండిని అంటారు గనక గొండలి అయిందట. చదివినప్పుడల్లా ఆ ఆడే మనిషి గురించే ఆలోచిస్తాను. పద్ధతి పెట్టిన రాజు పేరు మిగిలింది. ఆమె పేరు లేదు. ఆమె వేసుకున్న వేషం ఏ కొండలవాళ్ళదో వాళ్ళ మాటా లేదు. కొండ మీది ఆట కొలువుకి దిగడం, దిగేటప్పుడు చేతులు విడిపోవడం, నాతో మొదలవలేదు.

ఆటకి నిజంగా బలమేమీ లేకపోతే దాన్ని ఆపడానికి రాజ్యాలు అంత కష్టపడేవి కావు. కెనడాలో ఆదివాసులు కలిసి పంచిపెట్టుకుని ఆడే పాట్‌లాచ్‌ని 1884 చట్టంతో నేరం చేశారు, 1895లో ఆ నిషేధాన్ని ఇంకా పెంచి మైదాన తెగల సూర్యనృత్యం మీద కూడా వాడారు, 1951 దాకా ఆ నిషేధాలు చట్టం పుస్తకంలోనే ఉన్నాయి. హవాయి దీవుల్లో క్రైస్తవం పుచ్చుకున్న రాణి 1830లో బహిరంగంగా హులా ఆడకూడదంది. అక్కడి రాజు కలాకౌవా 1883లో తన పట్టాభిషేకానికి దాన్ని మళ్ళీ అందరి ముందుకీ తెచ్చాడు. అమెరికాలో లకోటా జనం వలయంగా చేతులు పట్టుకుని చచ్చిపోయిన తమవాళ్ళు తిరిగొస్తారని ఆడితే సైన్యానికి భయమేసింది. 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ సహా వందకి పైగా మనుషుల్ని కాల్చిపారేశారు. ఖాళీ చేతులతో గుండ్రంగా తిరిగే మనుషుల్ని చూసి తుపాకులున్నవాళ్ళు ఎందుకు భయపడ్డారు? నలభై మంది ఒకే ఊపిరి తీస్తున్నప్పుడు వాళ్ళని విడదీసి పాలించడం కష్టం కాబట్టి అని నేననుకుంటాను.

మన వైపు చేతులు విడదీసిన పని ఇంకో దారిన జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. వీరేశలింగం గారి నాటి నుంచి మొదలైన సంస్కరణ గాలి మా దాకా వీచింది. గుడికి ముడిపెట్టిన ఆడవాళ్ళని పెద్దమనుషులు వాడుకోవడం ఆగాలన్న మాట నూటికి నూరుపాళ్ళు న్యాయం. 1947లో మద్రాసులో చట్టం కూడా వచ్చింది. కానీ మనిషిని కాపాడబోయి ఆవిడ కాలి అడుగుని తప్పు చేశారు. ఆటంటే చెడిపోయినవాళ్ళ పని అన్న ముద్ర మా ఇళ్ళలో ఎంత లోతుగా దిగిందంటే, మా అమ్మ బతుకంతా కోలాటం కూడా తలుపులేసుకునే ఆడింది. ఆ తరవాత అదే విద్య కొంత కూచిపూడిలో కలిసి, కొంత ఒడిస్సీగా మర్యాదైన వేదికలెక్కింది. నాకు ఒడిస్సీ అంటే ప్రాణం, మా అమ్మాయికి చిన్నప్పుడు నేర్పించాను. ఒళ్ళు మూడు చోట్ల వంచే త్రిభంగిలో నిలబడ్డప్పుడు అది మా అమ్మాయేనా అనిపించేది. కానీ ఆ వేదిక మెట్ల దగ్గరే ఆగిపోయిన ఆడవాళ్ళని తలుచుకోకుండా ఆ నాట్యం చూడలేను.

ఇక్కడ నా వాదనలోనే ఉన్న ముల్లు దాచకూడదు. వలయం అంటే అందరూ సమానం అని చెప్పడానికి నాకు నోరు రాదు. మా కొండల్లో మొహురి ఊది డోలు వేసేది డొంబు కులంవాళ్ళు. వాళ్ళు లేకపోతే ఆట లేదు. మధ్యలో ఉంటారు, నిజమే. కానీ గొలుసులోకి రారు, రానివ్వరు. ఆట అయ్యాక భోజనానికి విడిగా కూర్చున్న ఊళ్ళు నేను చూశాను. కాళ్ళు చూసి కొట్టే మనిషిని చేతితో పట్టుకోని ఆట అది. కలిసి ఆడడం మనుషుల్ని కలుపుతుందంటే, గీత బయట ఎవరిని నిలబెట్టాలో కూడా అదే నేర్పుతుందన్నమాట. ఆ వలయాన్ని ఉన్నదున్నట్టు పూజించమని నేను చెప్పడం లేదు.

స్టేజిని నేను ఊరికే తిట్టలేను కూడా. జిల్లా పండగలకి, భువనేశ్వర్‌కి, ఢిల్లీకి వెళ్ళి ఆడి వచ్చే బృందాలున్నాయి. ఆ కూలితో ఇంటికి రేకులేసుకున్నవాళ్ళున్నారు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలా మొదటిసారి రైలెక్కింది. తిరిగొచ్చి, "అక్కడ మాకు ఏడు నిమిషాలిచ్చారు సార్" అంది. చైత్రమాసపు పండగ చైత్ పరబ్‌లో వాళ్ళు రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే కోడి కూసేదాకా ఆడతారు. మొదటి గంట ఒళ్ళు బరువుగా ఉంటుందట. రెండో గంటకి పక్కపిల్ల కాలు ఏదో తన కాలు ఏదో తెలియకుండా పోతుందట. ఏడు నిమిషాల్లో ఒళ్ళు బరువు కూడా దిగదు. వాళ్ళకి కూలి ఇవ్వాల్సిందే, ఇంకా పెంచాల్సిందే. నేనడిగేది ఏమిటంటే, ఏడు నిమిషాలదీ తెల్లవారేదాకా నడిచేదీ ఒకటే అని పిల్లలకి చెప్పకండి.

చైత్రంలో అరకు వైపు ఇటుకల పండగంటారు, మా వైపు చైత్ పరబ్. మగవాళ్ళు వేటకెళ్ళి ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తారు. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బళ్ళు ఆపి, ఆడి, డబ్బులడుగుతారు. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి ఆడుకుంటూ వెళ్తారు, ఆ ఊరు వాళ్ళకి అన్నం పెడుతుంది. దాన్ని సంకిడి కేల్బర్ అంటారు. నిరుటి తగాదాలు అక్కడ తీరిపోతాయి, పెళ్ళి సంబంధాలు అక్కడే కుదురుతాయి. వేట, విత్తనం, పెళ్ళి, పగ, చావు: ఆట దేనికని అడిగితే ఇన్ని పనులకి. వీటిలో ఏదీ ప్రేక్షకుడు లేకపోతే ఆగిపోయేది కాదు.

ఇదంతా కొండవాళ్ళకే అనుకోనక్కర్లేదు. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. బుడి ఠాకురాణి అమ్మవారు మన తెలుగు నేతవాళ్ళ ఆడపడుచు. ఆ కులపెద్ద దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. రోజూ రాత్రి ఘటాలు వీధులు తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్ళంతా వేషాలు కడతారు. మా మేనమామ ఒకసారి పులివేషం కట్టాడు, కొడుక్కి కామెర్లు తగ్గితే కడతానని మొక్కుకున్నందుకు. నున్నగా గొరిగిన ఒంటి మీద పసుపు రంగు పూసి నల్ల చారలు దిద్దుతుంటే తెల్లవారుజాము నుంచి కదలకుండా వెదురుబొంగు పట్టుకుని నిలబడ్డాడు. రంగు ఆరేదాకా కూర్చోకూడదు. అత్తయ్య గ్లాసుతో పాలు నోటికందించింది. ఆ పక్కింటి ఒడియా బామ్మ చారలు సరిగ్గా లేవని గీసేవాణ్ణి కసిరింది. డోలు మొదలయ్యేసరికి గుమస్తా ఉద్యోగం చేసే మా మావయ్య మాయమైపోయాడు. వీధి వీధంతా ఇళ్ళ అరుగుల మీద నిలబడి ఉంది. వాళ్ళు చూస్తున్నారంటే చూస్తున్నారు, కానీ పులి దగ్గరికి రాగానే పసిపిల్లల్ని చేతుల్లో పెట్టి ఎత్తించుకుంటున్నారు, కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు. పై యాత్రకి వేషం కట్టేది ఆ అరుగు మీద మనిషే కావచ్చు. టిక్కెట్టు కొని చూడ్డానికీ దీనికీ పోలికే లేదు. మావయ్య ఎలా ఆడాడని ఎవరూ అడగలేదు. మొక్కు తీరిందా అని అడిగారు.

ఈ ఏడు మళ్ళీ వార్షికోత్సవం పని నాకే ఇచ్చారు. నేను ముందు ఆ నానమ్మ ఊరికి వెళ్ళాను. ఆవిడ ఇంకా ఉంది, చూపు కాస్త తగ్గింది. వాయించేవాళ్ళు నలుగురు కావాలంది, వాళ్ళకి డబ్బూ భోజనమూ ముందే మాట్లాడమంది. మాట్లాడాను. పెద్ద డోలు వేసే ఆయన మనవరాలు మా స్కూల్లోనే ఎనిమిదో క్లాసు. ఆ పిల్ల పేరు గొలుసు జాబితాలో లేదు. మా క్లాసు ఆడపిల్లలే ప్రాక్టీసులో ఒక రోజు చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కున్నారు. ఆమె ఇప్పుడు ముందు నుంచి మూడోది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తే ఏమంటారో, నానమ్మ ఏమంటుందో ఇంకా తెలియదు. తాత మాత్రం నిన్న ప్రాక్టీసుకి వచ్చి కాసేపు వాయించాడు. మిగతా పిల్లల కాళ్ళ వైపు చూస్తూ, మూడో జత కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తల దించుకుని డోలు వైపు చూసుకున్నాడు. ఆ తరవాత మళ్ళీ తలెత్తాడు.

హెడ్మాస్టరు గారు ముఖ్య అతిథి ఎక్కడ కూర్చుంటారని అడిగారు. గ్రౌండులోనే, వలయానికి పక్కన, అందరితోపాటు కుర్చీ వేద్దామన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు. సాయంత్రం టెంట్ హౌస్ అతనికి ఫోన్ చేసి ఈసారి స్టేజి వద్దు, ముసలివాళ్ళకి కుర్చీలు ఓ నలభై పంపితే చాలన్నాను. స్టేజి లేకపోతే లైట్లు దేనికి కట్టాలి సార్ అన్నాడు. గ్రౌండు నాలుగు మూలలా వెదుర్లు పాతి కట్టమన్నాను. ఎన్నింటిదాకా ఉంచాలి అని అడిగాడు. అది డోలు వేసే ఆయన్ని అడిగి చెబుతానన్నాను.